గుంజ పాతని కోటిలింగం

బెజవాడకి పడమటి కొసన, భవానీపురం తోటలు దాటాక ఒక నేతపేట ఉండేది. పేట వెనక కృష్ణ వైపు వాలుగా ఉన్న ఖాళీ నేలని పడుగుల బయలు అనేవాళ్ళు. మగ్గం మీదికి ఎక్కించబోయే నిలువు పోగుల్ని పడుగు అంటారు గదా, దాన్ని పాతిక బారల పొడవున బిగించి గంజి పెట్టుకునే చోటు అది. బయలు మీద ఇంటికో పొడుగాటి నేల పట్టె ఉండేది. పట్టెకి ఈ కొసనొక గుంజ, ఆ కొసనొక గుంజ. కాగితాలు లేవు, హద్దురాళ్ళు లేవు. గుంజే హక్కు. కొత్తగా గుంజ పాతాలంటే పెద్దలు రావాలి, గుంజకి పసుపు రాయాలి, కొబ్బరికాయ కొట్టాలి, అటుపక్క ఇటుపక్క వాళ్ళు సరేననాలి. చెప్పకుండా పాతితే పరాయి నేల కాజేసినట్టే లెక్క. అలాంటి గుంజని తెల్లవారేసరికి పీకి, పాతినవాడి గుమ్మానికి అడ్డంగా పెట్టేవాళ్ళు. తిట్టేవాళ్ళు కాదు, కొట్టేవాళ్ళు కాదు. ఆ ఇంటివాడే తలవంచుకుని పెద్దల దగ్గరికి వెళ్ళాలి.

ఎడారుల్లో ఒంటెలు తోలుకుని తిరిగే జాతులు గుడారపు మేకు కొట్టిన చోటుని ఆ రాత్రికి తమ సొంత ఇల్లనుకుంటారని ఎక్కడో చదివాను. చదివినప్పుడు వింతగా అనిపించింది. పడుగుల బయలు చూశాక ఆ వింత పోయింది.

నలభయ్యారో సంవత్సరం మార్చి నెలలో నేను బెజవాడ వచ్చింది నాలుగు రోజులుండి హైదరాబాదు వైపు పోదామని. నాకు కాలు ఒకచోట నిలవదు. అయినా వానలు పడేదాకా ఆ పేట వదల్లేకపోయాను. కారణం కోటిలింగం.

కోటిలింగానికి అప్పటికి నలభై అయిదేళ్ళు. బక్కపలచని మనిషి, కుడికాలు మాత్రం బోదకాలు. కృష్ణా డెల్టాలో బోదకాలు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. దొరలు ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించి అన్నం పెట్టారని పొగుడుకుంటాం, ఆ కాలవల వెంట దోమలు ఎంతమంది కాళ్ళు తిన్నాయో ఎవరూ రాయలేదు. ఆ కాలు మగ్గం గుంటలో దించి తొక్కుడుకర్ర తొక్కడం అతనికి నానాటికీ కష్టమైపోయింది. అతని భార్య పున్నమ్మ గుంటలోకి దిగింది. అతను ఒడ్డున కూర్చుని నూలు కండెలు చుట్టేవాడు, తెగిన పోగులు అతికేవాడు. మగవాడి పని ఆడదీ, ఆడదాని పని మగవాడూ చేస్తున్నారని పేటలో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. పున్నమ్మ నేసిన చీర చూశాక ఆ నవ్వు ఆగింది.

అతనికి విమానాల పిచ్చి పట్టిన వైనం కూడా చెప్పాలి. నలభై రెండులో జపాను వాళ్ళు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు బెజవాడ సగం ఖాళీ అయింది. జనం బళ్ళు కట్టుకుని పామర్రు వైపూ, నూజివీడు వైపూ పరుగెత్తారు. కోటిలింగం పరుగెత్తలేడు. మొగుణ్ణి వదిలి పున్నమ్మ పోదు. ఎక్కడ విమానం మోత వినిపించినా ఇద్దరూ మగ్గం గుంటలోకి దిగి కూర్చునేవాళ్ళు. ప్రభుత్వం వారు తవ్వించిన కందకాల కంటే మా గుంటే లోతు పంతులుగారూ అని పున్నమ్మ నాతో చాలాసార్లు అంది. ఆ గుంటలోంచి, కప్పులో తాటాకు లేచిపోయిన సందులోంచి, కోటిలింగం ఆకాశం కేసి చూస్తూ ఉండేవాడు. భయం వేయలేదుట. ఆ బరువు పైన ఎలా నిలబడుతోందన్నదే అతని ధ్యాస.

యుద్ధం అయిపోయాక ఒక రోజు, నూలు చుట్టి తెచ్చిన పాత పేపరులో ఇంజను లేని విమానం బొమ్మ కనబడింది. నేను పేటలో కండువా కొనడానికి ఆగినప్పుడు ఆ కాగితం నా చేతిలో పెట్టి, ఇందులో ఏం రాశారో చదివిపెట్టమన్నాడు. చదివాను. నేను అంతటితో ఆగితే బాగుండేది. ఊరి పఠన మందిరంలో పాత ఇంగ్లీషు మాసపత్రికలు తిరగేస్తే నమూనా విమానాల గురించి ఒక వ్యాసం దొరికింది. అది అతనికి మొత్తం తెలుగు చేసి వినిపించాను. గాలికి ఎదురుగా చాలా దూరాన ఒక గుంజ పాతాలి. గుంజకి రబ్బరు కట్టాలి. రబ్బరుకి పొడుగాటి తాడు, తాడు చివర రింగు. విమానం కడుపు కింద కొక్కేనికి రింగు తగిలించి, విమానాన్ని పట్టుకుని వెనక్కి నడిచి, రబ్బరు సాగాక వదిలెయ్యాలి. గాలిపటంలా పైకి లేస్తుంది. గుంజ నెత్తిమీదికి వచ్చేసరికి రింగు దానంతటదే జారిపోతుంది. ఆ తరవాత విమానం తన గాలి తను చూసుకుంటుంది.

"అంటే పరుగెత్తక్కర్లేదా?" అని అడిగాడు కోటిలింగం.

అక్కర్లేదన్నాను. అతను కాసేపు తన కాలు కేసి చూసుకున్నాడు. తరవాత ఆ వ్యాసం మళ్ళీ మొదటినుంచీ చదవమన్నాడు.

విమానం చెయ్యడం అతనికి పెద్ద పని కాలేదు. కొండపల్లిలో బొమ్మలు చేసే రత్తయ్య అని పాత స్నేహితుడు ఉన్నాడు. బొమ్మలకి వాడే పొణికి కర్ర తేలికదనం చూసినవాళ్ళకే తెలుస్తుంది, చేతిలో పెట్టుకుంటే కర్ర పట్టుకున్నట్టుండదు. రత్తయ్య దానితో ఒళ్ళు చెక్కి ఇచ్చాడు. రెక్కలకి వెదురు బద్దలు కట్టి, వాటి మీద పున్నమ్మ నేసిన సన్నబట్ట సాగదీసి, పడుగుకి పెట్టే గంజే పెట్టి ఎండలో ఆరబెడితే రెక్క డప్పులా మోగింది. ఈ కొసనుంచి ఆ కొసకి మూడు మూరలు, బరువు అరవీశె. సైకిలు షాపులో చిల్లులుపడ్డ ట్యూబులు తెచ్చి సన్నగా చీల్చి ముడేస్తే రబ్బరు కూడా అయింది.

తప్పు గుంజ దగ్గర జరిగింది. అతని పట్టె పాతిక బారలు. తాడూ రబ్బరూ కలిపితే ముప్ఫై బారలు. కనక గుంజ పట్టె దాటి అయిదు బారల అవతల, ఎవరి పట్టెలోకీ రాని ఉమ్మడి అంచున పాతాడు. పుట్టినప్పటినుంచీ ఆ పేటలో ఉన్నవాడు అలా ఎలా చేశాడని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అది పడుగు గుంజ కాదుగదా, విమానం గుంజ అని నా మనసులో ఉండిపోయింది పంతులుగారూ అన్నాడు. చూసేవాళ్ళకి గుంజ గుంజే. ఆ సాయంత్రం గాలి లేక ఎగరెయ్యలేదు. తెల్లవారేసరికి గుంజ అతని గుమ్మానికి అడ్డంగా పడి ఉంది.

పేటకి పెద్ద వెంకటప్పయ్య. డెబ్భై ఏళ్ళవాడు, పడుగుకి గంజి రాసే కుంచె పట్టి పట్టి కుడి భుజం ఎడమ దానికంటే కిందికి దిగిన మనిషి. కోటిలింగం పట్టెకి పక్క పట్టె ఆయనదే. పెద్దల ముందు ఆయన చెప్పిన మాట నాకు పున్నమ్మ ద్వారా తెలిసింది. మూడేళ్ళ నుంచీ నూలు రేషనుతో సగం మగ్గాలు పడుకున్నాయి, పట్టెలు ఖాళీగా ఉన్నాయి, ఎవడు ఎప్పుడు ఎవడి చోటులోకి జరుగుతాడోనని అందరికీ గుబులుగా ఉంది, ఈ వేళలో ఆటకైనా సరే ఒకడు గుంజ పాతితే రేపు పదిమంది పాతుతారు అన్నాడుట. మళ్ళీ ఒక్క గుంజ కనబడితే కోటిలింగం పట్టె పేట పరం అవుతుంది. పట్టె పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే పున్నమ్మ మగ్గం లేదు.

ఇక చెప్పుకునేదేమీ లేదని అందరూ లేచిపోతుంటే కోటిలింగం నిలబడే ఉన్నాడుట.

"గుంజ పాతను పెదనాన్నా. ఎగరెయ్యడం మాత్రం మానను. ఇక్కడే ఎగరేస్తాను."

ఏటి ఇసకలోకి పోయి ఎగరేసుకోవచ్చు గదా అని ఎవరో అన్నారు. సలహా మంచిదే. మర్నాడు నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు. వేసవిలో కృష్ణ అంతా ఇసక, మైలు మేర. ఆ కాలు ఇసకలో మోకాటిదాకా దిగింది. నలభై అడుగులు వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. అక్కడ గుంజ దిగ్గొట్టి రబ్బరు లాగి చూశాడు. ఇసకలో గుంజ వెన్నలో పుల్లలా ఊడి వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు రెండుసార్లు కూర్చున్నాడు. రెండోసారి కూర్చున్నప్పుడు, ఊడిపోయిన గుంజనే చూస్తూ, "గుంజ కాకపోతే బరువు" అన్నాడు. ఇక ఆ మాటే పట్టుకున్నాడు.

పాతుకునేదానికీ కూర్చునేదానికీ తేడా ఉంది అనేది అతని వాదన. బరువు నేలమీద కూర్చుంటుంది, పనయ్యాక లేచి ఇంటికి వచ్చేస్తుంది. బయలు మీద కూర్చున్న మనిషిని చోటు కాజేశావని ఎవరూ అనరు గదా. వెంకటప్పయ్య ఈ మాట విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడుట. కాదనలేదు. సరేనని కూడా అనలేదు.

మొదటి బరువు పున్నమ్మ రుబ్బురోలు. ఆమె ఇంట్లో లేని సమయం చూసి, ఇద్దరు పక్కింటి వాళ్ళ చేత బయలుకి దొర్లించాడు. దానికి రబ్బరు కట్టి, అవతల కొసనుంచి, విమానం లేకుండా, ఉత్త తాడు పట్టుకుని లాగి చూశాడు. నిదానంగా లాగినంతసేపూ రోలు కదల్లేదు. సంతోషం పట్టలేక, గాలి కుదిపితే ఎలా ఉంటుందో చూద్దామని తాడుని ఒక్క గుంజు గుంజాడు. ఏళ్ళ తరబడి గంజి ఓడి ఓడి ఆ నేల ఇంట్లో గచ్చులా నున్నబడి ఉంది. రోలు రెండు మూరలు జారి, పక్కకి ఒరిగి, గుండ్రటిది గనక దొర్లి, వెంకటప్పయ్య గుంజకి కొట్టుకుంది. గుంజ వంగింది. రోలు అంచు పెచ్చు ఊడింది.

సాయంత్రం గనక పడుగు లేదు. ఉండుంటే ఆ గుంజ వంగిన వంగుకి మూడొందల పోగులు తెగేవి.

వెంకటప్పయ్య వచ్చి వంగిన గుంజ కేసి చూశాడు, రోలు కేసి చూశాడు. గుంజైతే పాతినచోట ఉంటుంది, ఈ బరువు దానికంటే అన్యాయం, ఎక్కడికి పోతుందో దానికే తెలియదు అన్నాడు. ఇక ఈ వ్యవహారం కట్టిపెట్టమన్నాడు. అప్పుడు కోటిలింగం అన్న మాట నా చెవులతో విన్నాను. ఆ రోజు అక్కడే ఉన్నాను మరి.

"జరగని బరువు చేస్తాను పెదనాన్నా. ఖాళీ నేలమీద చూపిస్తే నమ్మకం కుదరదు. పొద్దున, అన్ని పట్టెల్లోనూ పడుగులు పరిచి ఉండగా ఎగరేస్తాను. నా బరువు కదిలి ఒక్క పోగు తెగినా పట్టె నువ్వే తీసుకో."

వెంకటప్పయ్య పున్నమ్మ ఉందా ఇక్కడ అని చుట్టూ చూశాడు. లేదు. "నీ పెళ్ళాన్ని అడిగి వచ్చి చెప్పు. పట్టె మీద పని చేసేది అది, నువ్వు కాదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ ఇంటికి నేను వెళ్ళకుండా ఉండాల్సింది. పున్నమ్మ పెచ్చు ఊడిన రోలుని అరచేత్తో తడుముతూ కూర్చుని ఉంది. పట్టె పందెం వేశావా ఏమయ్యా అని ఒక్కసారి అడిగింది. అవునన్నాడు. రోలు చెప్పకుండా తీసుకుపోయావు, పట్టె కూడా చెప్పకుండానే తీసుకుపోయావు అంది. నా వైపు తిరిగి, మీరు ఆ పత్రిక చదవకపోతే మా ఇంట్లో రోలు బాగుండేది పంతులుగారూ అంది. చదివింది చదివినట్టు పదిమందికీ చెప్పడం మంచిదని జీవితమంతా అనుకున్నవాణ్ణి, ఆ పూట మాత్రం సందేహం కలిగింది.

మూడు రోజులు ఆమె మాట్లాడలేదు. నేసేది, వండేది, పెట్టేది. అతను మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేవాడు. నాలుగో రోజు పొద్దున నేను గుమ్మంలో ఉన్నాను. పున్నమ్మ గుంటలో నేస్తోంది. అడ్డపోగుని బిగించే పలక ఒళ్ళోకి లాగి కొట్టినప్పుడల్లా పడుగు మొత్తం అదురుతోంది. మగ్గం అవతలి కొసన పడుగు తాడు ఒక గిలక మీదుగా పోయి, దాని చివర ఇసక సంచి వేలాడుతోంది. ప్రతి దెబ్బకీ సంచి జానెడు లేచి, మళ్ళీ దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. పోగు ఒక్కటి తెగడం లేదు. పెళ్ళయిన కొత్తలో కోటిలింగం తన చేత్తో కట్టిన సంచి అది.

అతని చేతిలో కండె ఆగిపోయింది.

"ఆపు" అన్నాడు.

మూడు రోజుల తరవాత ఆమె అతనితో అన్న మొదటి మాట, "ఎందుకు?"

"ఆ సంచి ఎందుకు లేస్తోంది?"

"లేవకపోతే పోగులు తెగుతాయి గనక. ఇరవై ఏళ్ళు నేశావు, నన్నడుగుతావేం?"

విడమరిచి చెబుతాను, చదివేవాళ్ళలో మగ్గం చూడనివాళ్ళు ఉంటారు. నేలమీద ఎంత బరువు పెట్టినా, కుదుపు వచ్చినప్పుడు ఆ కుదుపంతా బరువుకీ నేలకీ మధ్య పడుతుంది. పట్టు తప్పితే బరువు జారుతుంది. అదే బరువు గిలక మీదుగా వేలాడుతుంటే, ఎంత గట్టిగా గుంజినా అది పైకి లేచి ఊరుకుంటుంది. తాడు మీద ఆ సంచి బరువుకి మించి లాగుడు పడదు. వేలాడే సంచి కంటే, దాన్ని మోసే పీట నాలుగింతలు బరువుంటే, పీట కదలాల్సిన అవసరమే రాదు. ఇది నేను పుస్తకం చూసి చెబుతున్నది కాదు. ఆ ఇంట్లో ఆ పూట నేర్చుకున్నది.

చిత్రమేమిటంటే ఆ తరవాత పని పున్నమ్మ చేతిలోకి పోయింది. కోపం పోలేదు, పట్టె పోతుందన్న భయమూ పోలేదు. పోకుండా చూసుకోవాలంటే తనే చూసుకోవాలని తేల్చుకున్నట్టుంది. గోనె చింపి అయిదు సంచులు కుట్టింది. తక్కెడలో తూచి ఒక్కొక్కదాంట్లో రెండు వీశెల ఇసక పోసింది. అంతకంటే పెద్దవి కుట్టద్దని ఆమే అంది, ఈ కాలుతో నువ్వు మోయగలిగింది అంతే అంది. రత్తయ్య కొండపల్లి నుంచి తుమ్మచెక్కతో నాలుగు కాళ్ళ పొట్టి పీట చేసి తెచ్చాడు. పీట మీద రెండు నిలువు కర్రలు, వాటి మధ్య పైన ఒక గిలక, ముందు వైపు నేలకి బెత్తెడు ఎత్తున ఇంకో గిలక. రెండూ మూలపడ్డ మగ్గం తాలూకువే. రబ్బరు చివర కట్టిన తాడు నేలబారుగా వచ్చి కింది గిలక కిందుగా దూరి, పై గిలక మీదుగా పోయి, నేలకి ఆని ఉన్న అయిదో సంచిని పట్టుకుంటుంది. మిగిలిన నాలుగు సంచులూ పీట మీద కూర్చుంటాయి. పీట కాళ్ళకి మేకుల్లేవు, ములుకుల్లేవు. గోనెపట్టా చుట్టి తడిపారు, నున్నటి నేలమీద జారకుండా.

దీనివల్ల ఇంకో లాభం కూడా కలిసివచ్చింది. విమానం పట్టుకుని వెనక్కి నడుస్తుంటే, సంచి నేలనుంచి లేచిన క్షణం ముప్ఫై బారల దూరం నుంచి కూడా కనబడుతుంది. లేచిందంటే లాగింది చాలు. రబ్బరు ఎంత సాగిందో చూసుకోవడానికి అటూ ఇటూ తిరగక్కర్లేదు.

పది రోజులు పెరట్లో లాగి చూశారు. కోటిలింగం లాగాడు, రత్తయ్య లాగాడు, చివరికి పున్నమ్మ కొంగు బిగించి రెండు చేతులా గుంజింది. సంచి ఎగిరి పై గిలకకి తగిలింది. పీట కదల్లేదు. ఆమె వెళ్ళి వెంకటప్పయ్యతో రేపే అని చెప్పి వచ్చింది.

అప్పుడు రోహిణి కార్తె. ఎండ ముదిరితే గంజి తడి ఆరిపోయి పోగులు పెళుసెక్కుతాయని తెల్లవారకముందే పడుగులు పరుస్తారు. నేను వెళ్ళేసరికి బయలు మీద పద్ధెనిమిది పడుగులు బారులుగా ఉన్నాయి, నడుం ఎత్తున, కత్తెరలా కట్టిన వెదుళ్ళ మీద, ఒక్కొక్కటీ పరిచిన చీరలా. గంజి వాసన గాలిలో పుల్లగా ఉంది. కోటిలింగం పట్టెలో కూడా పడుగు ఉంది. నెల రేషను నూలు మొత్తం పున్నమ్మ అక్కడ పరిచింది. అందరి పోగులూ ప్రమాదంలో పెట్టి మన పోగులు ఇంట్లో దాచుకుంటామా అందిట.

పీటని ఉమ్మడి అంచున పెట్టారు. వెంకటప్పయ్య వంగి నాలుగు కాళ్ళూ తడిమి, కింద ఏదైనా దిగ్గొట్టారేమోనని చెయ్యి దూర్చి చూశాడు. పున్నమ్మ చిప్పలో బియ్యప్పిండి తెచ్చి నాలుగు కాళ్ళ చుట్టూ సన్నగా గీత గీసింది. కాలు వెంట్రుకవాసి జరిగినా పిండి చెదురుతుంది. పేట మగవాళ్ళంతా ఆ నాలుగు గీతల చుట్టూ మూగారు. కొందరు గొంతుక్కూర్చున్నారు. వెంకటప్పయ్య ముందు గీత దగ్గర, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు చిట్లించి నిలబడ్డాడు.

నేను కోటిలింగంతో అవతలి కొసకి వెళ్ళాను. అతను పడుగు పక్కగా పరిచిన తాడు చివరి రింగుని కొక్కేనికి తగిలించి, విమానాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేశాడు. బోదకాలు ముందు వెనక్కి పెట్టడం, తరవాత మంచికాలు. ఏటి మీదనుంచి నైరుతి గాలి మెల్లగా వస్తోంది. దూరాన సంచి లేచింది. అతను ఆగాడు. నేను వింటానని కాబోలు, మెల్లగా, "పట్టె పోతే పోయింది అనుకోవడం లేదు పంతులుగారూ. పోకూడదు" అన్నాడు. వదిలాడు.

నేను ఓడలు చూశాను, రైళ్ళు చూశాను, గన్నవరంలో అసలు విమానాలు దిగడం చూశాను. చప్పుడు లేకుండా లేచింది మాత్రం అదొక్కటే చూశాను. పడుగు మీదుగా, నిటారుగా, గాలిపటంలా ఎక్కింది. మధ్యలో ఒక గాలి తెర కొట్టి తాడు వణికింది, సంచి మూరెడు లేచి దిగింది. సరిగ్గా పీట నెత్తిన రింగు జారింది. తాడు మెత్తగా వచ్చి పున్నమ్మ పడుగు మీద పడింది. కొండ మీదనుంచి వచ్చిన గద్ద ఒకటి తెల్లరెక్కల్ని చూసి పక్కకి తప్పుకుంది. కోటిలింగం నోరు కొంచెం తెరిచి అలాగే నిలబడ్డాడు.

పీట దగ్గర "కదల్లేదు, కదల్లేదు" అంటున్నారు. ఎవరూ తలెత్తలేదు.

రెండు నెలల నుంచి ఆ మనిషి నేల సంగతి తప్ప ఇంకొకటి ఆలోచించలేదు. బరువు కదలకూడదు, అంతే. ఎగిరింది ఎక్కడ దిగుతుందా అని అతనూ అనుకోలేదు, పున్నమ్మా అనుకోలేదు, అన్నీ చదివిన నేనూ అనుకోలేదు. విమానం ఎడంవైపు పెద్ద చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, గాలివాలుకి మావైపే కొట్టుకొస్తూ, కిందికి దిగుతూ, వెంకటప్పయ్య పడుగు మీదికి వస్తోంది. కోటిలింగం ఒక అడుగు వేశాడు. పరుగెత్తగలిగినవాడైనా అందుకోలేడు. అది వచ్చి పోగుల మధ్యలో, కడుపు ఆనించి, కొద్దిగా ఊగి, పడుకుంది.

అప్పుడు అందరూ చూశారు.

వెంకటప్పయ్య తన పడుగు దగ్గరికి నడిచి వచ్చాడు. ఎవరినీ ముట్టుకోవద్దన్నాడు. తనే విమానాన్ని రెండు చేతులా, బాలింత దగ్గర్నుంచి బిడ్డని అందుకున్నట్టు, పైకెత్తాడు. కడుపు కింద కొక్కేనికి మూడు పోగులు చిక్కుకుని తెగి ఉన్నాయి.

కోటిలింగం అప్పటికి చేరుకున్నాడు. తనే వంగి చూశాడు. "మూడు తెగాయి" అన్నాడు. ఎవరూ లెక్కపెట్టకముందే, గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు. పున్నమ్మ చిప్ప పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వెంకటప్పయ్య తెగిన పోగుల్ని వేళ్ళ మధ్య రాసి చూశాడు. పీట వైపు తిరిగి, పిండి చెదిరిందా అని అడిగాడు. లేదన్నారు. నాలుగు కాళ్ళా? నాలుగు కాళ్ళూ. ఆయన నెమ్మదిగా, లెక్క చెప్పినట్టు చెప్పాడు. బరువు కదిలి పోగు తెగితే పట్టె పోవాలన్నది మాట. బరువు కదల్లేదు. పోగు తెగింది వేరే దానివల్ల. పడుగు మీద చెయ్యి పడి పోగు తెంపినవాడు దాన్ని అతికి పోవాలి, మన తాతల నాటినుంచీ ఉన్న పద్ధతి అదే.

"కూర్చో" అన్నాడు కోటిలింగంతో.

కోటిలింగం బోదకాలు బారజాపి పడుగు కింద కూర్చున్నాడు. వేలికి గంజి అద్దుకుని, మూడు పోగుల కొసలూ వెతికి పట్టి, ముడి కనబడకుండా మెలిపెట్టాడు. మగ్గం తొక్కలేని మనిషి ఆ పేటలో అందరికంటే బాగా పోగు అతుకుతాడని అప్పుడు తెలిసింది నాకు. ఎండ ఎక్కుతోంది. వెంకటప్పయ్య కుంచె తీసుకుని, అతను అతికిన మేరకి వెంట వెంటనే తడి రాస్తూ నడిచాడు. మూడో ముడి అయ్యాక పోగుని వేలితో మీటి చూశాడు. ఊఁ అన్నాడు.

పున్నమ్మ వెళ్ళి పీట మీది సంచులు ఒక్కొక్కటే దింపుతోంది. పీట ఎత్తగానే అక్కడ నాలుగు పిండి గీతలు తప్ప నేలమీద గుర్తే లేదు. కాలితో ఒకసారి రాసింది, అవీ పోయాయి.

వెంకటప్పయ్య కుంచె నీళ్ళ కుండలో పెట్టి, చేతులు తుడుచుకుని, విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెక్క మీద గంజిబట్టని గోటితో కొట్టి చూశాడు.

"ఎగిరిందా?" అని అడిగాడు.

"ఎగిరింది పెదనాన్నా."

"ఎంత ఎత్తు?"

కోటిలింగం చెయ్యెత్తి చూపించబోయి, చాలక, నా కేసి చూశాడు. గద్ద తప్పుకుందండీ అన్నాను నేను.

"నేను చూళ్ళేదు" అన్నాడు వెంకటప్పయ్య. వెనక నిలబడ్డవాళ్ళని అడిగాడు. ఎవరూ చూళ్ళేదు. పేట పేటంతా పిండి గీతల్నే చూస్తూ కూర్చున్నారు.

ఆయన విమానాన్ని కోటిలింగం చేతిలో పెట్టి, తన పడుగు వైపు తిరిగి, "సాయంత్రం పడుగులు ఎత్తేశాక మళ్ళీ ఎగరెయ్యి" అన్నాడు. "సంచులు నేను మోసుకొస్తా."